బస్తర్: పదిమంది పంచుకునే కంప్యూటర్‌ను రీబూట్ చేసే అధికారం ఎవరి చేతిలో ఉండాలి?

బస్తర్‌లో ప్రభుత్వ సేవా కేంద్రానికి వచ్చి వెళ్లడమంటే చాలామందికి ఒక రోజు కూలి వదులుకోవడమే. కుల ధ్రువీకరణ పత్రం కోసమో, పింఛను కోసమో వచ్చిన మనిషి తన వంతు కోసం కూర్చుని, వివరాలు చెప్పి, వేలిముద్ర వేసి, దరఖాస్తు సగం పూర్తయిన వేళ కంప్యూటర్ ఆగిపోతే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది. కొన్నిసార్లు మరుసటి రోజుకు పోతుంది.

కంప్యూటర్ ఆగడానికి కారణం ఎప్పుడూ యంత్రలోపం కాదు. ఒకే యంత్రానికి నాలుగు తెరలు తగిలించిన చోట, ఒక తెర ముందున్న వ్యక్తి 'నెమ్మదిగా ఉంది' అనుకుని దాన్ని రీబూట్ చేస్తే, అంటే ఆపి మళ్లీ మొదలుపెడితే, మిగిలిన ముగ్గురి పని కూడా పోతుంది. ఆ ముగ్గురినీ ఎవరూ అడగలేదు. వారికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

చూడడానికి ఇది చిన్న సాంకేతిక విషయం. కానీ పాఠశాలలు, గ్రంథాలయాలు, సేవా కేంద్రాలు ఉమ్మడి కంప్యూటర్ల మీద ఆధారపడే కొద్దీ ఇది పాలనకు సంబంధించిన ప్రశ్నగా మారుతోంది. సామాన్య వినియోగదారు చేతిలోంచి ఆ అధికారాన్ని తీసివేయడం ఎలా? తీసివేసిన అధికారాన్ని ఎవరి చేతిలో పెట్టాలి?

మొదటి ప్రశ్నకు యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థలలో స్పష్టమైన సమాధానాలున్నాయి. రెండవ ప్రశ్నకు సమాధానం మాత్రం ఆయా ప్రాంతాన్ని బట్టి వెతుక్కోవలసిందే.

బస్తర్‌లో ఈ ప్రశ్న ఇప్పుడెందుకు?

పాత అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణం సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు. కేరళ రాష్ట్రం కంటే ఇది కాస్త పెద్దది. నేడు అదే ప్రాంతం బస్తర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా, కొండగావ్, నారాయణ్‌పూర్, కాంకేర్ అనే ఏడు జిల్లాలుగా ఉంది. దక్షిణ అంచున బీజాపూర్ జిల్లాలోని భోపాలపట్నం, సుక్మా జిల్లాలోని కోంటా తెలుగు రాష్ట్రాల సరిహద్దును తాకుతాయి. అక్కడి సంతల్లో గోండీ, దోర్లీ, హల్బీలతోపాటు తెలుగు కూడా వినిపిస్తుంది. మిర్చి కోతల కాలంలో ఇక్కడి కూలీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పొలాలకు వెళ్లడం ఏటా జరిగేదే.

దశాబ్దాల సాయుధ ఘర్షణ వల్ల రోడ్డు, కరెంటు, ఫోను మూడూ ఇక్కడికి ఆలస్యంగా వచ్చాయి. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలి దశను ప్రారంభించారు. ఏడు జిల్లాలకూ ఆప్టికల్ ఫైబర్ తీగ వేయడం దాని లక్ష్యం. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'నియద్ నెల్లానార్' పథకాన్ని తెచ్చింది. గోండీలో ఆ మాటకు 'మీ మంచి ఊరు' అని అర్థం. కొత్తగా వెలిసిన భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు ప్రభుత్వ సేవలు చేర్చడం దాని ఉద్దేశం.

తీగ వచ్చిన చోటికి దాని వెనుకే కంప్యూటర్ వస్తుంది. అయితే అది ఇంటికొకటి రాదు, ఊరికొకటి వస్తుంది. పాఠశాల, లోక్ సేవా కేంద్రం, గ్రామ పంచాయతీ, ఆశ్రమ వసతి గృహం, ఇలా ప్రతిచోటా ఒక యంత్రాన్ని ఎందరో వాడవలసి ఉంటుంది.

దీనికి మరో పరిణామం తోడయింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 కోరే భద్రతా చిప్ లేదు. వాటిని పారవేయకుండా వాడుకోవాలంటే మిగిలిన మార్గాలలో ముఖ్యమైనది లినక్స్. ఇది యూనిక్స్ పద్ధతిలో నడిచే ఉచిత వ్యవస్థ. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో భారతీయ భాషలతో విడుదల చేసిన 'బాస్' కూడా లినక్సే. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి.

అంటే రానున్న కాలంలో బహిరంగ స్థలాలలో యూనిక్స్ తరహా కంప్యూటర్లు పెరిగే అవకాశం ఉంది. వాటిముందు కూర్చునేవారు మాత్రం విండోస్ అలవాట్లతో వస్తారు. ఆ అలవాట్లలో మొదటిది, ఏది ఆగినా యంత్రాన్ని రీస్టార్ట్ చేయడం.

పుట్టుకతోనే ఉమ్మడి యంత్రం

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తదితరుల చేతుల్లో రూపుదిద్దుకుంది. అప్పట్లో కంప్యూటర్ ఒక గదిలో ఉండేది. దానికి తీగలతో కలిపిన టెర్మినళ్లు ఇతర గదుల్లో ఉండేవి. ఒక్కొక్కరు ఒక్కో టెర్మినల్ ముందు కూర్చుని ఆ ఒకే యంత్రం సమయాన్ని పంచుకునేవారు.

అందువల్ల యూనిక్స్‌లో మొదటినుంచీ ఒక విభజన ఉంది. సామాన్య వినియోగదారు తన ఫైళ్లు తాను చూసుకోవచ్చు, తన ప్రోగ్రాములు తాను ఆపుకోవచ్చు. యంత్రం మొత్తాన్ని ఆపే అధికారం 'రూట్' అనే నిర్వాహక ఖాతాది. యంత్రం అందరిది కాబట్టి దాన్ని ఆపే నిర్ణయం ఏ ఒక్క వినియోగదారుడిదీ కాకూడదన్నది ఆ విభజన వెనుకనున్న భావన.

వ్యక్తిగత కంప్యూటర్ వచ్చాక ఈ భావన మారింది. 1981లో ఐబీఎం పీసీ విడుదలైంది. దాన్ని రూపొందించిన బృందంలోని ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కితే యంత్రం రీబూట్ అయ్యే ఏర్పాటు చేశారు. పొరపాటున ఒక చేయి తగిలి జరగకూడదని దూరదూరంగా ఉన్న మీటలను ఎంచుకున్నారు. ఒక మనిషికి ఒక యంత్రం ఉన్నచోట దీనితో ఇబ్బంది లేదు. తన యంత్రాన్ని తాను ఆపుకున్నా నష్టం తనకే.

తెలుగు పాఠకులకు ఉమ్మడి యంత్రం కొత్తది కాదు. 1990లలో బ్యాంకు శాఖల్లో కౌంటర్ల మీద కనిపించిన ఆకుపచ్చ అక్షరాల తెరలు చాలాచోట్ల లోపలి గదిలోని యూనిక్స్ సర్వర్‌కు కలిపినవే. ఆ గదికి తాళం ఉండేది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు ఎన్‌కంప్యూటింగ్ పరికరాలు ఎంపికయ్యాయి. ఒకే కంప్యూటర్ పెట్టెకు అనేక తెరలు, కీబోర్డులు తగిలించి పిల్లలందరికీ పంచే పద్ధతి అది. ఖర్చు తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది. అయితే ఆ ఒక్క పెట్టె ఆగితే దానికి తగిలించిన తెరలన్నీ ఒకేసారి నల్లబడతాయి.

బస్తర్‌కు ఇలాంటి అనుభవం మరో రూపంలో ఉంది. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి ప్రారంభించిన 'సీజీనెట్ స్వర'లో ఆదివాసులు మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు కాల్ చేసి గోండీలోనో, హిందీలోనో తమ ఊరి సమస్యను రికార్డు చేయవచ్చు, ఇతరులు చెప్పినవి వినవచ్చు. ఫోను ఎవరిది వారిదే అయినా, అవతల జవాబిచ్చే సర్వర్ అందరిదీ. ఒకరు మాట్లాడుతుండగా ఆ సర్వర్ ఆగితే, చెప్పిన మాట చెప్పినట్టే పోతుంది.

ఒక్క రీబూట్‌తో ఏమేమి పోతాయి?

కంప్యూటర్ రాసిన ప్రతి అక్షరమూ ఆ క్షణంలోనే డిస్కుకు చేరదు. వేగం కోసం వ్యవస్థ దాన్ని ముందు మెమరీలో ఉంచి, కొన్ని సెకన్ల తరువాత, ఒక్కోసారి అర నిమిషం తరువాత డిస్కు మీద రాస్తుంది. పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసినప్పుడు ఈ మిగులు రాతంతా ముందుగా పూర్తవుతుంది. హఠాత్తుగా ఆపినప్పుడు పూర్తికాదు.

పాత యూనిక్స్ యంత్రాలలో ఇలా జరిగితే మళ్లీ మొదలైనప్పుడు డిస్కు మొత్తాన్ని తనిఖీ చేయవలసి వచ్చేది. పెద్ద డిస్కులకు అది చాలాసేపు పట్టేది. చేయబోయే మార్పులను ముందుగా చిట్టాలో రాసుకునే 'జర్నలింగ్' పద్ధతి 2001లో ఈఎక్స్‌టీ3 రూపంలో లినక్స్‌లో చేరిన తరువాత ఈ బాధ చాలావరకు తగ్గింది. కానీ జర్నలింగ్ కాపాడేది ప్రధానంగా ఫైళ్ల అమరికను. సేవ్ చేయని దరఖాస్తును అది కాపాడలేదు.

పోయేవాటిలో కనిపించనివి కూడా ఉన్నాయి. ఆన్‌లైన్ సేవలో లాగిన్ అయిన సమయం పోతుంది. ఫోనుకు వచ్చిన ఓటీపీ గడువు దాటిపోతుంది. రుసుము చెల్లింపు మధ్యలో ఆగితే ఖాతాలో డబ్బు తగ్గి, రసీదు మాత్రం రాని స్థితి ఏర్పడవచ్చు. నగరంలో ఇది కాసేపు చిరాకు. ఇరవై కిలోమీటర్లు దాటి వచ్చినవారికి ఇది మరో ప్రయాణం.

మూయవలసిన తలుపులు ఎన్ని?

బహిరంగ స్థలంలోని యూనిక్స్ కంప్యూటర్‌ను రీబూట్ చేసే దారి ఒకటే అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. నిజానికి కనీసం అయిదు దారులున్నాయి. నాలుగు మూసి అయిదోది వదిలేసినా ఫలితం ఉండదు.

మొదటిది తెర మీది మెనూ. నేటి లినక్స్ డెస్క్‌టాప్‌లలో తెర ముందు కూర్చున్న వ్యక్తికి రీస్టార్ట్ అనుమతి సాధారణంగా ముందే ఇచ్చి ఉంటుంది. అతడే యజమాని అన్న ఊహ దాని వెనుక ఉంది. దీన్ని మార్చడానికి 'పోల్‌కిట్' అనే అనుమతుల వ్యవస్థ ఉంది. రీబూట్ కోరినప్పుడు నిర్వాహకుడి పాస్‌వర్డ్ అడగాలని అందులో ఒక నియమం రాస్తే చాలు. ఇతరులు కూడా లాగిన్ అయి ఉన్న సమయానికి అందులో వేరే అనుమతి ఉంది. ఆ రెండింటినీ మార్చాలి. లాగిన్ తెర మీద కనిపించే రీస్టార్ట్ బొత్తాన్ని దాచే అమరిక మరొకటి.

రెండవది కంట్రోల్, ఆల్ట్, డిలీట్. రంగుల తెర వెనుక లినక్స్‌కు అక్షరాలు మాత్రమే కనిపించే తెరలుంటాయి. అక్కడ ఈ మూడు మీటలు నొక్కితే లాగిన్ కాకుండానే యంత్రం రీబూట్ అవుతుంది. పాత యూనిక్స్ తరహా వ్యవస్థలలో దీన్ని 'ఇనిట్‌ట్యాబ్' అనే ఫైలులో ఒక వరుస మార్చి ఆపేవారు. ఇప్పుడు ఎక్కువ లినక్స్ రకాల్లో ఉన్న 'సిస్టమ్‌డీ'లో ఆ లక్ష్యాన్ని పనిచేయకుండా మూసివేయవచ్చు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇవే మీటలను రెండు సెకన్లలో ఏడుసార్లకు మించి నొక్కితే సిస్టమ్‌డీ దాన్ని అత్యవసర స్థితిగా భావించి యంత్రాన్ని బలవంతంగా రీబూట్ చేస్తుంది. దానికి వేరే అమరిక ఉంది. తెలియక మొదటిదాన్ని మాత్రమే మూసిన చోట, విసుగెత్తి టకటకా నొక్కే వినియోగదారే గెలుస్తాడు.

మూడవది 'సిస్‌ఆర్‌క్యూ' మీట. యంత్రం పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు ఇంజనీర్లు వాడుకోవడానికి లినక్స్ కెర్నల్‌లో ఉంచిన వెనుకదారి ఇది. డిస్కులో మిగులు రాత పూర్తయిందా లేదా అని చూడకుండానే ఇది యంత్రాన్ని రీబూట్ చేయగలదు. బహిరంగ యంత్రంలో దీన్ని తీసివేయడమో, పరిమితం చేయడమో అవసరం.

నాలుగవది పవర్ బొత్తం. కొద్దిగా నొక్కితే ఏమి జరగాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది కాబట్టి దాన్ని పట్టించుకోవద్దని చెప్పవచ్చు. నాలుగైదు సెకన్లు అదిమిపెడితే మాత్రం సాధారణంగా యంత్రభాగాలే కరెంటును తెంచేస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్ నియమమూ అక్కడ పనిచేయదు.

అయిదవది గోడ మీది ప్లగ్గు. దీనికీ నాలుగవదానికీ మందు ఒకటే, పెట్టెను తాళమున్న అలమరలో పెట్టి తెర, కీబోర్డు, మౌస్ మాత్రమే బయట ఉంచడం.

రీబూట్‌ను ఆపడంలో మరో కోణం కూడా ఉంది. యంత్రం మొదలయ్యే క్షణమే దానికి అత్యంత బలహీనమైన క్షణం. ఆ సమయంలో పెన్‌డ్రైవ్ నుంచి వేరే వ్యవస్థను ఎక్కించవచ్చు, లేదా బూట్ మెనూలో ఒక మాట చేర్చి పాస్‌వర్డ్ లేకుండానే రూట్ అధికారం పొందవచ్చు. అందుకే బయోస్‌కు, బూట్ మెనూకు పాస్‌వర్డ్‌లు పెట్టాలి. ఆధార్ సంఖ్యలు, వేలిముద్రలు, బ్యాంకు ఖాతాలతో పనిచేసే కేంద్రంలో ఈ జాగ్రత్త ప్రజల సమాచారాన్ని కాపాడే జాగ్రత్త కూడా.

తాళం వేస్తే సరిపోతుందా?

తలుపులన్నీ మూసిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. కొన్నిసార్లు రీబూటే మందు. తెరను నడిపే డ్రైవర్ బిగుసుకుపోవచ్చు. భద్రతా సవరణ వచ్చి కొత్త కెర్నల్ మొదలుకావలసి రావచ్చు. అప్పుడు అధికారం ఉన్న మనిషి అక్కడ లేకపోతే, తాళం వేసిన కంప్యూటర్ పనికిరాని పెట్టెగా మిగులుతుంది.

2024 జూలై 19న ప్రపంచం దీన్ని పెద్ద ఎత్తున చూసింది. భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన సవరణ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. భారత విమానాశ్రయాలలో సేవలు స్తంభించాయి. హైదరాబాద్ నుంచి బయలుదేరిన ఒక ప్రయాణికుడికి చేతితో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ చిత్రం అప్పట్లో దేశమంతా తిరిగింది.

ఆ లోపపు సవరణను సంస్థ గంటన్నరలోపే వెనక్కి తీసుకుంది. అయినా బాగుపడడానికి రోజులు పట్టింది. యంత్రాలు మొదలు కాకముందే కూలిపోతున్నందున దూరం నుంచి సరిచేయడం చాలావాటికి సాధ్యం కాలేదు. ఒక మనిషి ఒక్కో యంత్రం దగ్గరకు వెళ్లి, దాన్ని ప్రత్యేక పద్ధతిలో రీబూట్ చేసి, ఒక ఫైలును తొలగించవలసి వచ్చింది. డిస్కుకు రహస్య సంకేతపు తాళం వేసి ఉన్నచోట ఆ తాళంచెవి కూడా కావలసి వచ్చింది.

ఆ రోజు లినక్స్ యంత్రాలకు ఆ సవరణ తగలలేదు. అయినా అందులోని పాఠం వాటికీ వర్తిస్తుంది. దూరాన కూర్చున్న నిపుణుడికి ఎంత అధికారం ఉన్నా, యంత్రం పక్కన నిలబడే మనిషికి కొంత అధికారం లేకపోతే అత్యవసర సమయంలో పని సాగదు.

బస్తర్ విషయంలో ఈ దూరం మాటవరసకు చెప్పేది కాదు. రాష్ట్ర రాజధాని రాయపూర్ నుంచి జగదల్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. అక్కడినుంచి కోంటా ఇంకా దక్షిణాన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉంది. వానాకాలంలో వాగులు పొంగితే లోపలి గ్రామాలకు దారులు తెగుతాయి. పాస్‌వర్డ్ రాయపూర్‌లోని గుత్తేదారు ఉద్యోగి దగ్గర మాత్రమే ఉంటే, కోంటా వైపు ఒక కేంద్రంలో బిగుసుకుపోయిన యంత్రం ఆ ఉద్యోగి ఫోను ఎత్తేవరకు, లేదా వచ్చేవరకు అలాగే ఉంటుంది. అప్పుడు ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఎవరో ఒకరు ప్లగ్గు పీకుతారు.

తలుపులను పూర్తిగా తెరిచి ఉంచడం ఎంత తప్పో, తాళంచెవిని మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉంచడమూ అంతే తప్పు.

పాత యూనిక్స్ చూపిన మధ్యేమార్గం

ఈ చిక్కుకు పరిష్కారం యూనిక్స్ సంప్రదాయంలోనే ఉంది. బీఎస్‌డీ అనే యూనిక్స్ శాఖలో రూట్‌కూ సామాన్య వినియోగదారుకూ నడుమ 'ఆపరేటర్' అనే వర్గం ఉంది. ఆ వర్గంలోని వ్యక్తి యంత్రాన్ని పద్ధతిగా షట్‌డౌన్ చేయగలడు. అయితే ఇతరుల పాస్‌వర్డ్‌లు మార్చడం, వ్యవస్థ అమరికలు తిరగరాయడం వంటి రూట్ అధికారాలు అతడికి దక్కవు. పెద్ద కంప్యూటర్ల కాలంలో గదిలో ఉండి టేపులు మార్చే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని వచ్చిన ఏర్పాటు ఇది.

పాత లినక్స్‌లో కూడా ఇలాంటిదే ఉండేది. అనుమతి ఉన్నవారి పేర్లను ఒక జాబితాలో రాస్తారు. మూడు మీటలు నొక్కినప్పుడు ఆ జాబితాలోని వారెవరైనా యంత్రంలో లాగిన్ అయి ఉంటేనే రీబూట్ జరుగుతుంది. ఇప్పటి పోల్‌కిట్‌లోనూ, 'సుడో' అనే సాధనంలోనూ ఒక ప్రత్యేక వర్గానికి రీబూట్ అనుమతి మాత్రమే ఇవ్వడం సాధ్యమే. దీనికి ఖర్చు లేదు. ఎవరు, ఎప్పుడు చేశారన్నది చిట్టాలో నమోదవుతుంది.

దీన్ని బస్తర్‌కు అన్వయిస్తే, పాఠశాలలో ఒక ఉపాధ్యాయురాలు, వసతి గృహంలో సూపరింటెండెంట్, సేవా కేంద్రంలో రోజూ ఉండే నిర్వాహకుడు 'ఆపరేటర్' కావచ్చు. అలమర తాళంచెవి, రీబూట్ అనుమతి వారి దగ్గర ఉంటాయి. రూట్ పాస్‌వర్డ్ జిల్లా కేంద్రంలో ఉంటుంది. దాని ప్రతి ఒకటి సీలు వేసిన కవరులో స్థానికంగా ఉంచి, తెరిస్తే రాసిపెట్టే పద్ధతి ఉంటే మరింత మేలు.

ఆపరేటర్ పాటించవలసిన మర్యాద కూడా యూనిక్స్‌లోనే ఉంది. షట్‌డౌన్ ఆదేశానికి గడువు ఇవ్వవచ్చు. 'పది నిమిషాలలో యంత్రం ఆగుతుంది, పని సేవ్ చేసుకోండి' అన్న సందేశం లాగిన్ అయినవారి టెర్మినళ్లకు ముందుగా వెళుతుంది. రంగుల తెరల మీద కూడా ఆ సందేశం కనిపించేలా ఏర్పాటు చేసుకోవాలి. ఉమ్మడి ఆస్తిని ఆపబోయే ముందు పంచుకునేవారికి చెప్పడం అన్న మర్యాదే ఇది.

అసలు జనం ఎందుకు నొక్కుతారు?

రీబూట్‌ను నిషేధించేముందు దాని వెనుక ఉన్న కారణాలను చూడాలి. చాలాసార్లు చెడిపోయినది కంప్యూటర్ కాదు. నెట్‌వర్క్ పోయి ఉంటుంది, లేదా ఎక్కడో ఉన్న ప్రభుత్వ సర్వర్ జవాబివ్వకపోవచ్చు. తెర మీద తిరిగే చక్రం మాత్రం ఈ రెంటినీ ఒకేలా చూపిస్తుంది. ముందున్న మనిషికి తెలిసిన మందు రీస్టార్ట్ ఒకటే.

అందువల్ల ఆ మందును తీసివేసేటప్పుడు దాని స్థానంలో మరొకటి ఇవ్వాలి. బిగుసుకున్న బ్రౌజర్‌ను మాత్రమే మూసే బొత్తం ఒకటి. తన సెషన్‌ను మాత్రమే ముగించి శుభ్రంగా మొదలుపెట్టే బొత్తం మరొకటి. యూనిక్స్‌లో ఒకరి ప్రోగ్రామును ఆపడానికి అందరి యంత్రాన్ని ఆపనవసరం లేదు. ఒక్కొక్కరు వాడే మెమరీకి పరిమితి పెడితే ఒకరి వల్ల మరొకరు ఇబ్బంది పడడం కూడా తగ్గుతుంది.

భాష ఇందులో ముఖ్యం. దోషసందేశం ఆంగ్లంలోనో, కార్యాలయ హిందీలోనో ఉంటే గోండీ లేదా దోర్లీ మాట్లాడే యువకుడికి అది అర్థం కాకపోవచ్చు. 'ఊరి తీగలో లోపం ఉంది, యంత్రం బాగానే ఉంది, ఆపవద్దు' అన్న ఒక్క వాక్యం స్థానిక భాషలో తెర మీద కనిపించినా, రికార్డు చేసిన గొంతుతో వినిపించినా ఎన్నో అనవసర రీబూట్‌లు తప్పుతాయి. చదువు రానివారికి గొంతు ద్వారా సమాచారం చేర్చవచ్చని సీజీనెట్ స్వర ఇదే నేల మీద ఇదివరకే చూపింది.

అనుమతి అడగని రీబూట్: కరెంటు

ఎన్ని నియమాలు రాసినా వాటికి లొంగనిది ఒకటుంది. కరెంటు పోతే అందరి పనీ పోతుంది. బస్తర్‌కు ఇందులో చేదు అనుభవం ఉంది. 2007లో మావోయిస్టులు హైటెన్షన్ టవర్లను పేల్చివేసినప్పుడు ఈ ప్రాంతం రోజుల తరబడి చీకటిలో గడిపింది. ఆ కాలం మారినా, అడవి గుండా సాగే లైన్లకు గాలివాన, విరిగిపడే చెట్లు నేటికీ శత్రువులే.

ఇక్కడ యూపీఎస్ పని యంత్రాన్ని గంటల తరబడి నడపడం కాదు. కరెంటు పోయిందని యూపీఎస్ తీగ ద్వారా యంత్రానికి తెలియజేస్తే, పని సేవ్ చేసుకోమని హెచ్చరించి, బ్యాటరీ అడుగంటే లోపు పద్ధతిగా షట్‌డౌన్ చేసే ఉచిత సాధనాలు లినక్స్‌కు చాలాకాలంగా ఉన్నాయి. యూపీఎస్ కొని, ఆ తీగ మాత్రం కలపకపోతే సగం ప్రయోజనం పోయినట్టే. ఛత్తీస్‌గఢ్‌లో పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సౌర విద్యుత్ ఏర్పాటు చేసిన అనుభవం ఉంది. సేవా కేంద్రాలకు, పాఠశాలల కంప్యూటర్ గదులకు ఆ అనుభవం పనికివస్తుంది.

సేవల సాఫ్ట్‌వేర్ కూడా తన వంతు చేయాలి. నింపిన ప్రతి గడినీ వెంటనే భద్రపరిచి, ఆగిన చోటునుంచే కొనసాగించే వీలుంటే, రీబూట్ అయినా దరఖాస్తుదారుడు మళ్లీ మొదటికి రానవసరం లేదు.

టెండరులో రాయవలసిన నాలుగు మాటలు

ప్రభుత్వ కంప్యూటర్ల కొనుగోలు పత్రాలలో ప్రాసెసర్ వేగం, మెమరీ, డిస్కు పరిమాణం వివరంగా ఉంటాయి. యంత్రాన్ని ఆపే అధికారం ఎవరిదన్నది కూడా అంతే వివరంగా ఉండాలి. మొదటిది, అయిదు దారులనూ మూసి, మూశారో లేదో పరీక్షించి అప్పగించాలి. రెండవది, ప్రతి కేంద్రంలో పేరు రాసి ఒక ఆపరేటర్‌ను, అతడు లేనినాటికి మరొకరిని నియమించాలి. మూడవది, యూపీఎస్ సంకేతపు తీగ కలిపి ఉండాలి. నాలుగవది, ప్రతి రీబూట్ చిట్టాలో నమోదై, నెలకోసారి ఎవరో ఒకరు దాన్ని చదవాలి.

నాలుగవదాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఒక కేంద్రంలో రోజుకు పదిసార్లు రీబూట్ జరుగుతున్నదంటే అక్కడి జనం క్రమశిక్షణ లేనివారని అర్థం కాదు. కరెంటో, నెట్‌వర్కో, యంత్రమో సరిగా లేదని అర్థం. ఆ చిట్టాను చదివితే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది.

ఇక ఫోన్లు వచ్చాక ఉమ్మడి కంప్యూటర్ల కాలం ముగిసిందన్న వాదన ఉంది. ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే, అది నిజం. అయితే పత్రాలు స్కాన్ చేయడానికి, ముద్రించుకోవడానికి, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి బస్తర్ వంటి చోట పంచుకునే యంత్రమే చాలాకాలం దిక్కు.

బస్తర్ గ్రామాలలో ఊరి చెరువు తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఏ ఒక్క రైతూ తనంతట తాను నిర్ణయించడు. అలాగని ఆ నిర్ణయాన్ని రాజధానికి వదిలిపెట్టడు. ఊరు నమ్మిన మనిషి ఒకరుంటారు, తెరిచేముందు అందరికీ చెబుతారు. ఊరికి కొత్తగా చేరిన కంప్యూటర్‌కు కూడా అలాంటి మనిషి ఒకరు ఉండాలి.